హనుమయ్య ఇచ్చిన తలాక్

బాపట్ల జిల్లా ఉన్నతాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: రేపల్లెలో మంచం పట్టి ఉన్న డెబ్బై రెండేళ్ళ శ్రీమతి జమీలా గారికి ఒక నిజం చెప్పుటకు అనుమతి కోరుట గురించి.

తెనాలి కాపురస్తుడను, విశ్రాంత గుమాస్తాను అయిన బొడ్డు హనుమయ్య వ్రాసుకొను అర్జీ. నేను పనిచేసిన శాఖ పేరు బయట పెట్టనని ప్రమాణపత్రం మీద సంతకం చేసితిని గనుక ఇందులో వ్రాయుట లేదు.

1. తెనాలిలో రేడియోలు బాగుచేసే షఫీక్ అను యువకుడు 1971లో మా శాఖ తరఫున రహస్యంగా సరిహద్దు దాటి వెళ్ళెను. భార్య జమీలాతో మాత్రం బొంబాయి కంపెనీలో ఉద్యోగమని చెప్పెను. యుద్ధం ముగిసిన కొద్ది నెలలకు అక్కడ పట్టుబడెను.

2. అటువంటి కంపెనీయే లేదని తెలిసి, ఆమె కనపడిన ప్రతి ఆఫీసు మెట్లూ ఎక్కి భర్త జాడ అడగసాగెను. ఈ గోల అవతలివారి చెవిన పడితే, జైలులో తానెవరో చెప్పకుండా ఉన్న అతని గుట్టు బయటపడునని పైవారు తలచిరి. కావున షఫీక్ వ్రాసినట్లుగా ఒక ఉత్తరం తయారుచేయమని నాకు ఉత్తర్వు అయినది. ఇతరుల దస్తూరీ దించుటలో నాకు మంచి పేరుండెడిది. అతడు ఆమెకు వ్రాయగా మేము పోస్టు చేయకుండా అట్టిపెట్టిన మూడు ఉత్తరాలు నమూనాగా ఇచ్చిరి. పని కాగానే వాటిని నా చేతులతోనే తగలబెట్టితిని.

3. ఆ ఉత్తరంలో, ఇక్కడ బొంబాయిలో వేరే పెళ్ళి చేసుకున్నానని, నిన్ను వదిలేస్తున్నానని రాసి, తలాక్ అని మూడుసార్లు రాశాను. ఆ మాట ఎలా రాయాలో నాకు తెలియకపోతే శాఖవారే కాగితం మీద చూపించారు. ఆమె అన్నలు ఖాజీగారి దగ్గరికి పట్టుకెళ్తే చెల్లుతుందన్నారట. మరుసటి ఏడు ఆమెను రేపల్లెలో వయసు ముదిరిన ఒక వ్యాపారికిచ్చి నిఖా చేశారు. మొదటివాడు ఉమ్మేసిన దానివని అంటూ అతను ముప్పై ఏళ్ళు కొట్టి, తర్వాత పోయాడు. ఆమెకు తలాక్ ఇచ్చింది నేను సార్. నుదుట బొట్టు పెట్టుకుని, ఆఫీసు కుర్చీలో టీ తాగుతూ ఇచ్చాను.

4. షఫీక్ 1974 ఆగస్టులో అక్కడి జైలులో దెబ్బలకు మరణించెను. ఎన్ని చేసినా ఒక్కరి పేరూ చెప్పలేదు. "జమీలాని ఎదురుచూడమనండి" అన్నాడని, విడుదలై వచ్చిన తోటి ఖైదీ వాంగ్మూలమిచ్చెను. ఆ కాగితం ఫైలులో కుట్టినది కూడా నేనే.

5. ఈ సంగతి ఆమెకు చెప్పుటకు అనుమతి కోరుతూ శాఖకు ఆరుసార్లు వ్రాసితిని. వచ్చిన ఏకైక జవాబు: "షఫీక్ అను వ్యక్తి మా వద్ద ఎన్నడూ లేడు. అతని గురించి మాట్లాడుటకు మీకు అనుమతి లేదు."

డాక్టరు ఆమెకు నెల రోజులే అన్నాడు. మొగుడు మోసం చేశాడనుకుంటూ ఆ తల్లి పోకూడదు సార్. తమరు సిఫారసు చేసి అనుమతి ఇప్పించవలెనని, ఆలస్యమైతే ఉపయోగం లేదని చిత్తగించవలెనని వేడుకొను,

విధేయత తప్ప వేరొకటి చేతగాని తమ విధేయుడు,
బొడ్డు హనుమయ్య

తా.క. ఈ అర్జీ తమకు అందించేలోగానే ఉండబట్టలేక నిన్న రేపల్లె బస్సెక్కి వెళ్ళి చెప్పేశాను. జమీలా గారు ఏడవలేదు. "ఎప్పుడు పోయారండి?" అని మాత్రం అడిగారు. డెబ్బై నాలుగు ఆగస్టులో అన్నాను. ఆమె వేళ్ళు ముడుచుకుంటూ లెక్క చూసుకున్నారు.

"నా రెండో నిఖా డెబ్బై మూడులో అయిందండి. అంటే ఆయన బతికుండగానే నన్ను ఇంకొకరి ఇంటికి పంపించారా, అన్నయ్యగారూ?"

తర్వాత ఆమే, "ఆయన దస్తూరీ మీకు వచ్చుగా. నిన్ను క్షమించాను అని ఆయన రాసినట్టు ఒక్క ముక్క రాసివ్వండి" అన్నారు. జేబులోని పెన్ను తీసి రాసిచ్చాను. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివి, కాగితం తిరిగి నా చేతిలో పెట్టేశారు.

"లేదండి. ఇది ఆయన రాసినట్టు లేదు. ఆ తలాక్ ఉత్తరమే అచ్చం ఆయన రాసినట్టు ఉండేది."