దీపికకు మనం నేర్పిన చదువు

కరీంనగర్,
గురువారం మధ్యాహ్నం.

దీపిక బాపుకు నవత నమస్కారాలు.

ఎప్పుడూ ఇక్కడ రాసే "మేమందరం క్షేమం" అన్న మాటను ఈసారి ఒక్కొక్కరికీ విడిగా రాస్తున్నాను. అత్తమ్మ బాగుంది. నేను తింటున్నాను, తిరుగుతున్నాను. దీపిక సంగతి చివర్లో రాస్తాను. ప్రాణంతోనే ఉంది, నా పక్కనే ఉంది, కాబట్టి ఆత్రపడి కాగితాలు తిప్పకు. సెలవు అయిపోయి నీ గదిలో ఉండే కొండల్ ఈ రోజే మస్కట్‌కు బయలుదేరుతున్నాడు. ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. నువ్వు చదివినంతసేపూ నీ పక్కన కూర్చోమని చెప్పాను. అతన్ని లేచి పొమ్మనకు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. అత్తమ్మ మోకాళ్లకు నూనె రాస్తున్నాం, కొంచెం నయం. ఆమె మాత్రం అసలు నొప్పి మోకాళ్లలో లేదనీ, కోడలు రోజూ సుల్తానాబాద్‌లో బస్సెక్కి కరీంనగర్ పోవడంలో ఉందనీ వచ్చినవాళ్లందరికీ చెప్తోంది. వరి కోయించాం. వడ్లు తడవకముందే తూకం అయింది. బోరు మోటరు మళ్లీ కాలింది, మీ తమ్ముడు వెంకటి బాగు చేయించాడు. చేయించినప్పటి నుంచి ఊరంతా ఆ మోటరు కథే వింటోంది.

ఇక నా చదువు. పాఠం చెప్పడం బీఎడ్‌లోనే నేర్చుకున్నావు కదా, మళ్లీ ఈ ఎంఎడ్‌లో ఏం నేర్పుతారని అడిగావు. ఎలా చెప్పాలో అక్కడ నేర్పారు, అసలు ఎందుకు చెప్పాలని ఇక్కడ అడుగుతారు. నవ్వకు. మనిషికి చదువు జ్ఞానం కోసమా, నడవడి కోసమా, బతుకుతెరువు కోసమా, తన మాట తాను చెప్పుకోవడం కోసమా అని పెద్దపెద్దవాళ్లు ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పి పోయారు. ఎవరి మాట ఎంతవరకు నిలుస్తుందో మేము చదివి, వాదించి, రాయాలి. నాకు ఇది చాలా ఇష్టమైంది. కూరలో ఉప్పు రెండుసార్లు పడింది కూడా దీనివల్లే, అత్తమ్మ నీకు చెప్పే ఉంటుంది.

పోయిన నెలలో సెమినార్‌కు నా వంతు వచ్చింది. "విద్య లక్ష్యం" మీద మాట్లాడాలి. అందరూ పుస్తకాల్లోంచి చెప్పారు, నేను మన పిల్లను ఉదాహరణగా చెప్పాను. ఆరో తరగతికే నిర్మల్ దగ్గర హాస్టల్‌కు పోయింది, ఒక్కసారి కూడా ఏడవలేదు, ఫోన్‌లో ఎప్పుడడిగినా బాగున్న అంటుంది, పిల్లను ఇలా తన కాళ్ల మీద నిలబెట్టడమే విద్య అన్నాను. చప్పట్లు కొట్టారు. మాకు విద్యా తత్వశాస్త్రం చెప్పే లక్ష్మీరాజం సార్ మాత్రం కొట్టలేదు. "అంత చిన్న పోరి ఒక్కపారన్న బాగలేనని అనలేదా, నవతా?" అని అడిగారు. అనలేదు సార్ అని గర్వంగా చెప్పాను. ఆయన తల దించుకుని తర్వాతి వాళ్లను పిలిచారు. నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఇంటికి వచ్చి నీకు ఫోన్ చేసి చప్పట్ల సంగతి మాత్రమే చెప్పాను.

అప్పటికే దీపికకు కడుపులో నొప్పి మొదలైంది.

ఇక చెప్పాల్సింది చెప్తున్నాను, కొండల్ పక్కనే ఉన్నాడా చూసుకో. మన బిడ్డకు అపెండిక్స్ పగిలింది. హాస్టల్‌లో వార్డెన్ అడిగితే బాగున్న అన్నదట. ఆ ఆదివారం వీడియోలో ముఖం గుంజుకుపోయిందేమిటని నువ్వు అడిగావు, గుర్తుందా? నీళ్లు మారినయి, బాగున్న బాపు అంది. నేనూ నమ్మాను. మరునాడు అన్నం తినే దగ్గర పడిపోతే, నిర్మల్‌లో తమ వల్ల కాదన్నాక వాళ్లే ఎత్తుకుని కరీంనగర్ ఆసుపత్రికి తెచ్చారు. కడుపు నిండా చీము చేరిందనీ, ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేది కాదనీ డాక్టరమ్మ అంది. ఆపరేషన్ చేశారు. పిల్లకు పరీక్షలున్నయి, ఫోన్ ఇయ్యరు అని నీకు చెప్పిన రోజుల్లో అది ఇక్కడ మంచం మీద ఉంది.

నీకు చెప్పొద్దని అత్తమ్మ, వెంకటి ఇద్దరూ పట్టుబట్టారు. దేశం కాని దేశంలో ఉన్నవాడు, ఎత్తు మీద పనిచేసేవాడు, వింటే ఆగమైపోతాడన్నారు. నేను ఒప్పుకున్నాను. గల్ఫ్‌లో మనిషి ఉన్న ప్రతి ఇంట్లో ఇది ఉన్నదే కదా. మామయ్య పోయినప్పుడు మనం ఏం చేశాం? దినాలు అయ్యేదాకా నీకు చెప్పలేదు. అప్పుడు దీపికకు మాటలు వచ్చి ఎంతో కాలం కాలేదు. ఒళ్లో కూర్చోబెట్టుకుని, బాపు అడిగితే తాత బాగున్నడు, పండుకున్నడు అని చెప్పాలని నేర్పాను. అది ఒక్క అక్షరం తడబడకుండా చెప్పింది. నువ్వు నమ్మావు. నేను దాన్ని ముద్దు పెట్టుకుని చాక్లెట్ ఇచ్చాను.

విద్య లక్ష్యాల గురించి ఎన్ని పుస్తకాలు చదివానో నీకు తెలుసు. మన ఇంట్లో పూర్తిగా నేర్పిన చదువు, పిల్లకు పూర్తిగా వంటబట్టిన చదువు ఆ ఒక్కటే. ఈ మాట నాకు ఈ వార్డులో కూర్చున్నాకే తెలిసింది. ఎవరితో చెప్పుకోను?

ఆపరేషన్ అయ్యాక కూడా జ్వరం తగ్గలేదు. స్కానింగ్‌లో ఏదీ సరిగా తేలలేదు. ఎక్కడ నొప్పి ఉందో పిల్ల చెప్తే బాగుండునని డాక్టరమ్మ రోజూ పొట్ట మీద చెయ్యి వేసి అడుగుతుంది. దీపిక పళ్లు బిగబట్టి "బాగున్న మేడం" అంటుంది. బతిమాలాను, తిట్టాను. నిన్న కొట్టడానికి చెయ్యి కూడా ఎత్తాను. అది నా చెంప తడిమి, "నేను బాగున్న అవ్వా, నువ్వు ఫికర్ చెయ్యకు" అంది. నేను బాత్రూమ్‌లోకి పోయి నల్లా తిప్పుకుని ఏడ్చాను. పిల్ల నా కళ్ల ముందే పోతుందేమో, పోతూ కూడా బాగున్న అంటుందేమో అని భయపడుతున్నాను.

ఈ ఉదయం నీ కోసం మామిడికాయ తొక్కు తీసుకెళ్లడానికి కొండల్ మన ఇంటికి పోతే అత్తమ్మ అతన్ని ఇక్కడికి పంపింది. దీపికను చూసి పక్కన స్టూల్ లాక్కుని కూర్చున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "వదినా, అన్న చెప్పద్దన్నడు గని ఇంక నాతోని కాదు" అన్నాడు. నువ్వు ఎండాకాలంలో పనిచేస్తూ పరంజా మీది నుంచి పడ్డ సంగతి చెప్పాడు. నీ ఎడమ చెయ్యి విరిగి వంకరగా అతుక్కుందనీ, ఇప్పుడు గేటు దగ్గర కావలి పని ఇచ్చారనీ, ఫోన్‌లో మాకు కనబడకుండా ఆ చేతిని కిందికి పెట్టుకుంటావనీ చెప్పాడు. నీ మీద అరవాలనిపించింది. ఏ ముఖంతో అరవను?

దీపిక నిద్రపోతోందనుకున్నాం. అది కళ్లు తెరిచి కొండల్‌ను అడిగింది.

"బాబాయ్, బాపుకు ఇంకా నొస్తుందా?"

కొండల్ నా ముఖం చూశాడు. చెప్పమని తల ఊపాను.

"నొస్తది బిడ్డా. శాన నొస్తది."

"ఏడుస్తడా?"

"ఏడుస్తడు. నేను జూసిన."

దీపిక నా చెయ్యి పట్టుకుని కుడి వైపు పక్కటెముకల కిందికి తీసుకుపోయి పెట్టుకుంది. "అవ్వా, నాకు గీడ నొస్తుంది" అంది. అని పెద్దగా ఏడ్చింది. హాస్టల్‌కు పోయినప్పటి నుంచి దాని ఏడుపు నేను వినలేదు. వార్డులో అందరూ తిరిగి చూశారు. నేను డాక్టరమ్మ కోసం పరుగెత్తాను.

మళ్లీ స్కానింగ్ చేశారు. కాలేయం కింద చీము గడ్డ కట్టింది. రేపు పొద్దున సూదితో తీస్తారు, రాకపోతే మళ్లీ కోస్తారు. పిల్ల నీరసంగా ఉంది, ఏమీ ముందే చెప్పలేమన్నారు. నువ్వు ఇది చదివేసరికి అది అయిపోయి ఉంటుంది. ఏమై ఉంటుందో నాకు ఇప్పుడు తెలియదు. చదవడం కాగానే కొండల్ ఫోన్ కలుపుతాడు. ఏది జరిగితే అదే చెప్తాను.

నా చదువు పూర్తయి లెక్చరర్ ఉద్యోగం వస్తే నువ్వు ఇంటికి వచ్చేస్తావని అనుకున్నాం. పరీక్షలు రాస్తానో లేదో ఇప్పుడు నాకే తెలియదు.

ఇందాక ఇంజెక్షన్ ఇస్తుంటే దీపిక నన్ను ఒక మాట అడిగింది. "ఆదివారం ఫోన్ జేస్తే బాపు నాకు ఆ చెయ్యి జూపిస్తడా?" అని. చూపిస్తాడని నీ తరఫున మాట ఇచ్చాను. ఆదివారం దాకా నా బిడ్డ ఉండాలి, నువ్వు చూపించాలి. నొప్పిగా ఉంటే నొప్పిగా ఉందనే చెప్పు. ఏడుపొస్తే దాని ముందే ఏడువు.

ఇట్లు,
దీపిక అవ్వ,
నవత