పొన్నగంటి పీకిన చోట క్రోటన్లు

1974 జూలై 8, సోమవారం
ఈవేళ కూడా గోధుమరవ్వే. జల్లెడ పడితే పురుగులు గుప్పెడు. వంటమనిషి అప్పలమ్మ వాటిని అరచేత్తో పక్కకి నెట్టి, "ఉడికిపోతే ఏటి తెలుస్తాదమ్మగారూ" అంది. హాస్టల్లో నలభై మంది కొండ ఆడపిల్లలకి రెండు పూటలా ఇదే. వడ్డించింది నేనే. ఛీ.

జూలై 9
శుక్రవారం ఇన్‌స్పెక్షన్. హాస్టలంతా సున్నం కంపు. పిల్లల పెట్టెలు తెరిపించాను. సోంబారి అనే పిల్ల పెట్టెలో గుడ్డమూట — ఎండుటాకులు, నల్లగా, నలిగిపోయి... ఏదో పసరు వాసన.
"ఏమిటే ఇది?"
"మా అవ్వ ఇచ్చింది. అంబల్లో ఏసుకుంటాం."
వేసుకుంటారట! బొద్దింకలు చేరతాయని పెంటకుప్ప మీద పారేయించాను. ఆ గుంట ఏడవలేదు. నిలబడి చూసింది, అంతే.

జూలై 10
హెడ్మాస్టరు గారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని పెరట్లోకి వచ్చారు. స్నానాల బండల దగ్గర నీళ్ళు పారే చోట పచ్చగా అల్లుకున్నది చూశారు. "ఈ గడ్డేమిటండీ మేట్రన్ గారూ? పీకించెయ్యండి. క్రోటన్లు వేయిద్దాం, వచ్చినవాళ్ళకి కంటికింపుగా ఉంటుంది."
పీకించాను. పిల్లల చేతే. వాళ్ళు కొసలు తుంచుతారే గాని వేరు ముట్టరు! గట్టిగా అరిచాను. సోంబారి మాత్రం, "ఏరు తీస్తే మా అవ్వ కొడతాదమ్మా. మళ్ళీ రాదు గదా" అంది.
నాకు చెప్పేపాటిదైపోయిందా అని వీపు మీద ఒకటేశాను.

జూలై 12, శుక్రవారం
జీపు వచ్చింది. అధికారి క్రోటన్ల దగ్గర ఆగి "వెరీ గుడ్" అన్నారు. కోడికూర భోజనం. త్రేన్పులు. పిల్లల పళ్ళేల వైపు ఒక్కసారైనా చూశారా... లేదు. నేనూ చూడమనలేదు.

జూలై 15
సందె ప్రార్థనకి వరసలో వెళ్తూ సోంబారి స్తంభానికి గుద్దుకుంది. నుదుట బొప్పి. ఒక్క పిల్లా నవ్వలేదు. పెద్దపిల్ల లచ్చిమి గబుక్కున దాని చెయ్యి పట్టుకుని నడిపించింది — ఎన్నాళ్ళ నుంచో అలవాటున్నట్టు.

జూలై 16
రేచీకటి. నెల నుంచీనట. పొద్దు వాలితే ఏమీ కనపడదట. నాకెందుకు చెప్పలేదంటే లచ్చిమి తల వంచుకుని, "సెప్తే ఇంటికి అంపేత్తారు గదా" అంది.
హెడ్మాస్టరు గారికి చెప్పాను. "ఇలాంటి పిల్లని ఉంచుకుంటే మనకే మాట. పది రోజులు చూడండి. తగ్గకపోతే పేరు కొట్టేసి పంపేద్దాం."
"మందు..."
"రాశాం కదండీ. వస్తుంది."
కిందటేడు రాసిన గజ్జి మందే ఇంకా రాలేదు. ఆయన తమలపాకు నములుతూ ఆ మాట అంటుంటే ఒళ్ళు మండింది.

జూలై 19, శుక్రవారం
సంతకని కొండ మీంచి సోంబారి అవ్వ దిగింది. మనవరాలి నుదుటి బొప్పి తడిమి, "నానిచ్చిన మూటలో ఆకు తిన్లేదేటే?" అంది.
"తిన్నానవ్వా."
అబద్ధం. నా పరువు కోసం, నేను కొట్టిన పిల్ల చెప్పిన అబద్ధం.
ముసల్ది పెరట్లోకి వెళ్ళి క్రోటన్ల ముందు ఆగిపోయింది. "ఇక్కడ కూరుండీది గదమ్మా, పొన్నగంటి? గెడ్డ ఒడ్డు కాడ నుంచి ఈ ఆడగుంటలే తెచ్చి నాటినారు. కళ్ళకి మంచిదని నానే సెప్పినాను. ఏటయింది?"
పొన్నగంటి! సాలూరులో మా అమ్మమ్మ దొడ్లోంచి కోసి పెసరపప్పుతో వండి, నోట్లో కుక్కి మరీ పెట్టేది, కళ్ళు నిలబడతాయని. నాకు తెలియని ఆకు కాదు. కొండపిల్లలు నాటారు గనక అది నా కంటికి గడ్డి. నా మీద నాకే అసహ్యం వేసింది.
ముసల్దానికి ఏం జరిగిందో చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తన మూట విప్పి, నేను పారేయించినలాంటి ఎండు మునగాకే ఇంకొంత, చోడి (రాగి) పిండి నా చేతిలో పెట్టింది.

జూలై 20
పెంటకుప్ప. పీకిన మొక్కలు కుళ్ళిపోతున్నాయి, వాటి మీద పాసిపోయిన ఉప్మా, ఈగలు. మోచేతుల దాకా చేతులు పెట్టి వెతికాను. కణుపుల దగ్గర ఇంకా పచ్చి ఉన్న కాడలు చారెడు దొరికాయి. క్రోటన్ల మధ్య గుచ్చాను. "మీకేటి కరమమ్మగారూ, నాకు సెప్తే సెయ్యనా" అంటుంది అప్పలమ్మ. చెప్పడానికి ముఖం ఉండాలిగా.

జూలై 21
సోంబారికి చోడి అంబలి, మునగాకు. మిగతా పిల్లలు ఆ గిన్నె వైపు చూసిన చూపు... వాళ్ళందరికీ పురుగుల ఉప్మా.

జూలై 24
రెండు కాడలు చిగురించాయి. రోజూ మట్టి గుల్ల చేస్తున్నాను.

జూలై 26, శుక్రవారం
గడువు అయిపోయింది. "రేపు సందెకి నేనే పరీక్ష చేస్తాను" అన్నారు హెడ్మాస్టరు గారు. పేర్ల పుస్తకం అప్పుడే బల్ల మీదకి వచ్చేసింది.
పొద్దు వాలాక సోంబారిని వరండాలో నిలబెట్టి మూడు వేళ్ళు చూపించాను. "మూడు" అంది. ప్రాణం లేచొచ్చింది. రెండు చూపించాను. "రెండు." అప్పుడు వినపడింది — నా వెనక లచ్చిమి దగ్గు. సరిగ్గా రెండుసార్లు.
లచ్చిమిని లోపలికి పంపేశాను. మళ్ళీ చెయ్యెత్తాను, నాలుగు వేళ్ళు. సోంబారి కళ్ళు చిట్లించి చాలాసేపు చూసింది. అంకె చెప్పలేదు. దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుని, "గోళ్ళల్లో మట్టుంది మేట్రనమ్మా" అంది.
చూసి అందో, తడిమి అందో... ఇంకోసారి అడగడానికి ధైర్యం చాలలేదు.