ఆఖరి పేజీలో దీలే అవ్వ

నవంబర్ 3

పుస్తకం పూర్తయింది. నాలుగు చలికాలాలు పట్టింది.

మా వంశంలో మగవాళ్ళ పేర్లు పదమూడు తరాలు గడగడా చెబుతారు. వాళ్ళను కన్నవాళ్ళ పేర్లు అడిగితే తల గోక్కుంటారు. అందుకే ముసలమ్మల దగ్గర కూర్చుని ఆడవాళ్ళను రాశాను. నాది ఆరో తరగతి చదువు, అక్షరాలు వంకర. అయినా ఎవరు ఏ లోయ నుంచి ఈ ఊరి కోడలై వచ్చిందో అంతా వరసలో ఉంది.

ఆఖరి పేజీ మా ఊరి దీలే అవ్వది. పెళ్ళికి ముందు తనకు పుట్టిన ఆడపిల్లను ష్కోడర్ పట్నంలో ఎవరికో ఇచ్చేశారట. ఎక్కడో ఒకచోట దాని పేరుండాలే, కానీ నేను బతికుండగా ఎవరి కంటా పడకూడదు, మాటియ్యి అంది. ఇచ్చాను.

నవంబర్ 5

అత్త కాఫీ గింజలు వేయిస్తూ పాత సంగతి చెప్పింది. వాళ్ళ మామగారి కాలంలో మాట తప్పినవాడికి కాఫీ మామూలుగా ఇచ్చేవారు కాదట. ఎడమ మోకాలు ఎత్తి, దాని కిందినుంచి అందించేవారట. తప్పు దిద్దుకునేదాకా ఏ ఇంటికెళ్ళినా అంతే. ఒకాయన సిగ్గుతో ఏడేళ్ళు కాఫీయే మానేశాడట. పడీపడీ నవ్వాను.

నవంబర్ 14

మా ఆయన పెదనాన్న కొడుకు ఫ్రాన్ బావగారు రాజధాని టిరానా నుంచి వచ్చారు. నేను పాలు పితికి వచ్చేసరికి పుస్తకం బల్ల మీద తెరిచి ఉంది. భలే పని చేశావు మరదలా, అన్నిటికీ ఫోటోలు తీసుకున్నాను అన్నారు. ఆఖరి పేజీ కూడానా అని అడగాలనుకున్నాను. నోరు పెగల్లేదు. పెద్దవాళ్ళ ముందు నాకెప్పుడూ పెగలదు. ఛీ.

నవంబర్ 21

బావగారు నా పుస్తకాన్ని వంశం వెబ్‌సైట్‌లో పెట్టేశారు. అన్ని పేజీలూ. పైన పెద్ద అక్షరాల్లో: సేకరణ, ఫ్రాన్.

దీలే అవ్వ కూతురి పేరు ఉంది. పుట్టిన ఏడాదీ ఉంది. అవ్వ కోడలు ఫోన్‌లో చదివిందట.

నవంబర్ 22

మా ఆయన జెఫ్ చేత బావగారికి ఫోన్ చేయించాను. స్పీకర్‌లో ఆయన నవ్వారు. ఆ పేర్లు నువ్వు కన్నావా పిల్లా? వంశం పేర్లు వంశానివే, నీవీ కాదు నావీ కాదు అన్నారు. మరి పైన మీ పేరెందుకు అని నాకు తర్వాత తోచింది.

జెఫ్ కాపీరైట్ గురించి వెతికాడు. పేర్లకు ఉండదట. పేర్చిన తీరుకు ఉండొచ్చట. తేలాలంటే లాయరు కావాలట. సరే, నా వరస సంగతి లాయరు చూస్తాడు. అవ్వ ఇంకా బతికే ఉందే, ఆ సంగతి ఎవరు చూస్తారు?

మళ్ళీ చేయించి, ఫోన్ నేనే లాక్కున్నాను. నా పేరు ఎటైనా పోనీ, ఆఖరి పేజీ తీసెయ్యండి అన్నాను. సరే, మాటిస్తున్నాను అన్నారు.

నవంబర్ 26

పేజీ ఇంకా ఉంది.

నవంబర్ 29

మార్పు జరిగింది. సేకరణ: ఫ్రాన్. కింద చిన్నగా, సహాయం: జెఫ్ భార్య.

నాలుగేళ్ళు ఆడవాళ్ళ పేర్లు వెతికినదానికి పేరు లేదు! పిండి పిసుకుతూ నవ్వాను. తర్వాత ఏడ్చాను. పేజీ అలాగే ఉంది. జర్మనీలో ఉన్న మనవాళ్ళు అప్పుడే ఫోన్లలోకి దించుకున్నారు, ఇప్పుడు తీసి ఏం లాభం అని బావగారు అన్నారట.

డిసెంబర్ 2

దీలే అవ్వ ఇంటికి వెళ్ళాను. కోడలు నా మొహం చూడలేదు. అవ్వ తిట్టలేదు. తనే కాఫీ కాచింది. బావగారు మాటిచ్చి తప్పారు అవ్వా అన్నాను. నాకు మాటిచ్చింది ఆయన కాదుగా తల్లీ అంది. నొప్పి పెట్టే ఎడమకాలిని ఒక చేత్తో పైకి లేపి, మోకాలి కిందినుంచి కప్పు అందించింది.

తాగాను. నాకిష్టమని రెండు చెంచాల చక్కెర వేసింది.

డిసెంబర్ 6

సెయింట్ నికొలస్ పండుగ. ఇంటినిండా చుట్టాలు. ఫ్రాన్ బావగారు పొయ్యి పక్క పెద్ద కుర్చీలో. అందరికీ కాఫీ ఇచ్చాను. పళ్ళెంలో ఆయన కప్పొక్కటే మిగిలింది.

ఎడమ మోకాలు ఎత్తాను.