చివరి సున్నా

బాగ్‌బేరా, 1978 నవంబరు, ఆదివారం

గమ్హరియా కార్ఖానా గేటు దగ్గర ఈ రోజు మా ఆయనకు శ్రద్ధాంజలి సభ పెట్టారు. క్రేను గొలుసు తెగి ఆయన పోయిన చోటికి మొదటిసారి వెళ్లాను. తప్పు గొలుసుదా, ఆయనదా అన్నది విచారణలో ఇంకా తేలలేదు.

మైకు నా చేతికిచ్చి రెండు మాటలు చెప్పమన్నారు. చివరి సున్నా తీసేస్తే తెలుగు మాట హిందీ అయిపోతుందని ఇక్కడ మనవాళ్ల నమ్మకం. "మేరా ఆద్మీ ప్రమాద్ సే గయా" అన్నాను, మా ఆయన ప్రమాదంలో పోయాడని. వెనకవాళ్లకు వినబడలేదేమోనని మళ్లీ అన్నాను. మేనేజరు తలెత్తి నన్నే చూశాడు. పాపం, జాలిపడుతున్నాడు అనుకున్నాను.

బస్సెక్కిన దగ్గర్నుంచి మా అమ్మాయి ఒకటే ఏడుపు.

"ఏటే? ఏటయిందే?"

"అమ్మా, ప్రమాద్ మత్‌లబ్ దుర్ఘటనా నహీ. లాపర్‌వాహీ." నాకు అర్థం కాకపోయేసరికి మన భాషలో చెప్పింది. "నాన్న అజాగర్తగా ఉండి పోయాడని నువ్వే సెప్పీసినావమ్మా!"

అజాగ్రత్తా? దీనికి ఉయ్యాల కట్టిననాడు కూడా, ముందు తాను వేలాడి చూసి గాని పిల్లను పడుకోబెట్టనివ్వలేదే ఆయన!

రేపే వెళ్లి చెప్పాలి, అది తెలుగు ప్రమాదమని. ఏ భాషలో చెప్పను? పిల్ల దుర్ఘటనా, దుర్ఘటనా అని నేర్పుతోంది. నాకు నోరు తిరగడం లేదు. తిరిగినా ఎవరు నమ్ముతారు? వెనకవాళ్లకు కూడా వినబడేలా, మైకులో, రెండుసార్లు అన్నాను.