బొంగరం బడి

బొంగరం వాళ్ళమ్మకు,

ఇక్కడ నేనూ, నీ కూతురూ, మా అమ్మా, ఆవిడ మోకాళ్ళ నొప్పులూ అందరం క్షేమం. నువ్వు ఆసుపత్రి డ్యూటీల్లో పడి తిండి మానేయడం లేదని తలుస్తాను.

నువ్వడిగినవాటికి జవాబులు. బొంగరం ఏడీహెచ్‌డీకి, అదే ఆ కుదురులేనితనానికి, డాక్టరు రాసిన మాత్ర రోజూ టిఫిన్ తర్వాత వేస్తున్నాను. జుట్టు నేనే కత్తిరించాను. ఊరందరికీ కత్తిరించేవాణ్ణి, కూతురి దగ్గర ఓడిపోయాను. ఒకవైపు పొట్టి, ఒకవైపు పొడుగు. తల నిలిపితే కదా!

ఇక బడికి సరిగ్గా వెళ్తోందా అని అడిగావు. పోయిన రెండు ఉత్తరాల్లో "బ్రహ్మాండంగా" అని రాశాను. అది అబద్ధం. తిట్టు, కానీ చివరిదాకా చదివి తిట్టు. పద్దెనిమిది రోజులు అది బడి మొహం చూడలేదు. నా సెలూన్లోనే ఉంది. కుదురుగా కూర్చోవడం లేదని టీచరమ్మ గోడవైపు తిప్పి కూర్చోబెట్టిందట. "నేను లేకపోతేనే క్లాసు బాగుంటుంది నాన్నా" అంది. ఏడుస్తూ కాదు, మామూలుగా అంది. ఇక పంపలేకపోయాను. నువ్వు బెంగపెట్టుకుంటావని నీకూ చెప్పలేకపోయాను.

పందొమ్మిదో రోజు టీచరమ్మే వెతుక్కుంటూ వచ్చింది. నేనెవరికో గడ్డం గీస్తున్నాను. బొంగరం అడక్కుండానే నీళ్ళు, తువ్వాలు, పౌడరు వరసగా అందిస్తోంది, మధ్యమధ్య రెండు గెంతులు. ఆవిడ గుమ్మంలోనే నిలబడి చాలాసేపు చూసింది.

"ఒక్కటీ మర్చిపోలేదే నువ్వు!" అంటూ వచ్చి దాని ముందు గొంతుక్కూర్చుంది. "గోడకి తిప్పడం నా తప్పమ్మా. నువ్వు లేకపోతే నాకేం బాగాలేదు."

మన పిల్ల నోరు తెరిచి చూసింది. పెద్దవాళ్ళు తప్పు ఒప్పుకోవడం దానికి కొత్త. నిజం చెప్పాలంటే నాకూ కొత్తే.

ఇప్పుడు క్లాసులో పుస్తకాలు పంచేదీ, బోర్డు తుడిచేదీ అదే. వెనక బల్ల దగ్గర నిలబడి రాసుకోనిస్తున్నారు. అలాగని అన్నీ చక్కబడ్డాయని కాదులే. నిన్ననే సుద్దపొడి నెత్తిన పోసుకుని ఇంటికొచ్చింది.

ఇవాళ పొద్దున కుండపోత వాన. "ఇవాళ్టికి మానెయ్యవే" అన్నాను. అది అప్పటికే మంచం కింద గొడుగు వెతుకుతోంది.

"నేను వెళ్ళకపోతే టీచరమ్మ మళ్ళీ సెలూన్ దాకా రావాలి కదా నాన్నా. పాపం, తడిసిపోతుంది."

ఇక తిట్టు.

ఇట్లు,
నీ అబద్ధాలకోరు,
బొంగరం వాళ్ళ నాన్న