పీకిన తుంగ

కిల్‌డేర్, ఫిబ్రవరి 2

గ్రోన్యా తల్లీ, నేను కులాసా, వేళకు తింటున్నాను.

పునీత బ్రిజిడ్ తల్లి పండుగకు వెళ్తానో లేదోనని దిగులుపడ్డావుగా, వెళ్లాను. ఆడవాళ్లంతా శిలువలు అల్లే తుంగ ఏటా మీ అమ్మే తెచ్చేది. ఈసారి నేను కోసుకెళ్లి, చర్చి హాలు గుమ్మంలో పెట్టి వచ్చేద్దామనుకున్నాను. అట్రాక్టా పెద్దమ్మ మోపు తిప్పి చూసింది.

"కత్తి పెట్టావా డెక్లన్? ఈ తుంగకు ఇనుము తగలకూడదు, చేత్తో పీకాలయ్యా. నూలాతో ఇన్నేళ్లు కాపురం చేసి నేర్చుకున్నది ఇదా?"

అందరూ నవ్వారు. మీ అమ్మ పోయాక నా ఎదుట ఎవరూ నవ్వలేదు. ప్రాణం కాస్త తేలికపడింది. నన్ను వెంటబెట్టుకుని చిత్తడి పొలంలోకి దిగారు, అందరం కలిసి పీకాం. తర్వాత పెద్దమ్మ మోపు నా చేతికిచ్చింది. "బయట నిలబడి తలుపు తట్టు. 'బ్రిజిడ్ వచ్చింది, తలుపు తీయండి' అను. నూలా ఏటా అనేది ఈ మాటే."

తట్టాను కానీ ఆ మాట సగంలోనే ఆగిపోయింది. లోపలివాళ్లే, "రావమ్మా రా, నీ ఇల్లే ఇది" అంటూ తలుపు తీశారు.

అమ్మ నీలం శాలువా పంపు. వచ్చే ఏడు పండుగకు ముందు రాత్రి, వాళ్ల గుడ్డలతోపాటు దాన్నీ తల్లి దీవెన కోసం బయట ఆరేస్తారట. రొట్టెలో సోడా ఎంత వేసేదో రాయి, నాది రాయిలా వస్తోంది. మనవడి దగ్గు తగ్గిందా?

నా చేతులు ఇంకా తుంగ వాసన వేస్తున్నాయి. ఏటా ఈ రోజుల్లో అమ్మ చేతులూ ఇదే వాసన వేసేవి. ఆ తల్లి మిమ్మల్ని చల్లగా చూడాలి.

నాన్న