గణపతిరావు మీసం

చిరంజీవి ధనరాజ్‌కి మావయ్య ఆశీస్సులు.

ఫోన్లో అయితే మీ అమ్మ వింటుందని ఉత్తరం రాస్తున్నాను. నాలుగు పెగ్గులు రెండుకి తగ్గించావనీ, చేతులు వణుకుతున్నాయనీ రాశావు. డాక్టరుకి చెబితే ప్రమోషన్ పోతుందేమో, తోటి జవాన్లు ఎగతాళి చేస్తారేమోనని భయపడుతున్నావు. రెండు సేనల నడుమ విల్లు జారవిడిచి రథంలో కూలబడ్డవాడికీ చేతులు వణికాయి. సారథి దగ్గర దాచలేదు కాబట్టే మళ్ళీ లేచాడు. నీ సారథి ఆ డాక్టరే. రేపే వెళ్ళు. ఆయన చెప్పినట్టే తగ్గించు, ఒక్కసారిగా మానెయ్యకు.

భజనమందిరంలో అందరికీ క్షమించమనే చెబుతాను. మీ చిన్నాన్న గణపతిరావుని మాత్రం నేను క్షమించలేదు. రమ్ము తాగి తాగి పోయిన మీ నాన్న పెద్దకర్మ నాడు, నువ్వు తెచ్చిన మిలిటరీ క్యాంటీన్ సీసానే చేతపట్టుకుని పదిమందిలో నన్నన్నాడు:

"ఏటి బావా, నీ పురాణాలు ఆపు. నీ మేనల్లుడు ఆళ్ళ బాబునే మించిపోతాడు, సూడు. ఆడు ఒక్క పెగ్గు తగ్గించినా నా మీసం గొరిగించుకుంటాను!"

అందరూ నవ్వారు. మీ అమ్మ వంటింట్లో కూలబడి ఏడ్చింది. గీతా గ్రంథం నా సంచిలోనే ఉండిపోయింది.

నువ్వు రెండు తగ్గించావు. మళ్ళీ నాలుగుకి వెళ్ళావా, గెలిచేది వాడే.

నువ్వు సెలవుకి వస్తే ఆమదాలవలస స్టేషన్లో నీ పెట్టె కోసం వాడే ముందుంటాడు. తాళం నేను తీస్తాను. అందులో సీసాలుండకూడదు. క్యాంటీన్లో గడ్డం గీసుకునే సెట్టు దొరుకుతుందట. పదునైనది తీసుకురా.

మీ మావయ్య